కదిలిన మనిషి

మా అమ్మ ఫోటో మిల్లు మేనేజరు గదిలో గోడకి వేలాడేదని మా ఇంట్లో యాభై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాం. చెప్పుకుంటున్నాం అంటే అమ్మ చెబుతోంది, మేం వింటున్నాం. ఆ గదిలోకి కార్మికులని రానిచ్చేవాళ్ళు కాదు కాబట్టి ఆ ఫోటోని అమ్మ కూడా ఎన్నడూ చూడలేదు. చూడని ఫోటో గురించి అంత ధీమాగా మాట్లాడే మనిషి ఇంకొకరుంటారని నేననుకోను. "మేకు కొట్టినట్టు నిలబడ్డానే. రెప్ప కూడా వెయ్యలేదు" అనేది. నేనూ అన్నయ్యా చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఇంట్లో దువ్వెనో, తాళంచెవో కనపడకపోతే "అమ్మ ఫోటో పక్కనుందేమో చూడు" అనడం మాకు అలవాటైపోయింది.

నేను బస్సు కండక్టర్ని. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. ఒకసారి నా బస్సెక్కిన మొహాన్ని పదేళ్ళ తర్వాత చూసినా ఏ స్టాపులో దిగేవాడో చెప్పగలను. ఇది గొప్పకి చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే చెబుతున్నాను. ఈ వ్యవహారంలో నా పరువు పోయింది కూడా ఆ గొప్పవల్లే.

మిల్లు మూతపడి పద్దెనిమిదేళ్ళయింది. షెడ్లన్నీ కూల్చేశారు. చిమ్నీ ఒకటీ, గేటు పక్కన హాజరు వేసే టైమాఫీసు ఒకటీ మిగిలాయి. ఆ టైమాఫీసుని పాత ఫోటోల గదిగా మార్చాలని మా ఊరి లైబ్రేరియన్ గారు పట్టుబట్టి కూర్చున్నారు. ఆయన నెమ్మదస్తుడు గానీ పట్టిన పట్టు వదలడు. ఊళ్ళో ఉన్న ఒక్క ఫోటో స్టూడియో అటక మీద ఒక చెక్కపెట్టె దొరికితే, అందులో ఉన్న నెగెటివ్ గాజు పలకలన్నిటినీ తనే తుడిచి, తనే దగ్గరుండి ప్రింట్లు వేయించాడు. తీసిన ఫోటోగ్రాఫరు ఎప్పుడో పోయాడు. ఎవరెవరు ఉన్నారో ఒక్కదాని వెనకా రాసి లేదు. అందుకని ఆదివారం మధ్యాహ్నాలు లైబ్రరీ బల్లల మీద ఫోటోలు పరిచి, పాత కార్మికులంతా వచ్చి మనుషుల్ని గుర్తుపట్టమని కబురు పంపాడు.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. మొదటి ఆదివారం నేను ఒక్కదాన్నే వెళ్ళాను. "ఫోటోలో నేనెలా పడ్డానో చూసి రా" అని మరీ మరీ చెప్పి పంపింది.

ఆ బల్లల చుట్టూ జనం చూడాలి. అందరూ డెబ్భై దాటినవాళ్ళే, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. షిఫ్టు వదిలాక గేటు దగ్గర తీసిన ఫోటో ఒకటుంది. వందమంది ఒక్కసారిగా బయటికొస్తున్నారు, ఒక్కో సైకిలు మీద ఇద్దరేసి. ఇరవై ఏళ్ళవాళ్ళకి కూడా తల తెల్లగా ఉంది. అది దూది. మా చిన్నప్పుడు అమ్మ ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడి తల దులుపుకునేది. ఆ దూది పట్టుకోవడానికి నేనూ అన్నయ్యా కొట్టుకునేవాళ్ళం. ఇంకో ఫోటోలో ఆవిరి గొట్టం మీద వరసగా అన్నం క్యారియర్లు పెట్టున్నాయి, వేడెక్కడానికి. ఏ క్యారియర్ ఎవరిదో మూత చూసి చెప్పేశారు. ఇంకోదాన్లో బాయిలర్ తాత తన బాయిలర్ పక్కన మీసం మెలేసి నిలబడ్డాడు, పెళ్ళి ఫోటోకి నిలబడ్డంత ఠీవిగా. పిల్లల గది ఫోటో కూడా ఉంది. పన్నెండు ఉయ్యాలలు, ఒక ఆయా. ఆ పన్నెండింట్లో ఏదో ఒకటి నాదే. ఏదో తెలియదు, అన్నిట్లోనూ పిల్లలు ఒక్కలాగే ఏడుస్తున్నారు.

అన్నిటికంటే నాకు నచ్చింది వేరే ఉంది. మెషిన్ల మధ్య ఇద్దరాడవాళ్ళు, ఆ చివరొకరు, ఈ చివరొకరు. ఒకావిడ నోరు సగం తెరిచి ఉంది. లైబ్రేరియన్ గారు "ఈవిడ పాడుతున్నారా?" అని అడిగారు. బల్ల చుట్టూ ఉన్న ముసలమ్మలంతా ఒక్కసారి నవ్వారు. మెషిన్ల మోతలో మాట వినపడదు కాబట్టి మిల్లు మనుషులు పెదవులు చూసి మాట్లాడుకునేవాళ్ళు. గొంతుతో పని లేదు. యాభై ఏళ్ళ నాటి ఆ పెదవుల్ని ముసలమ్మలు చూడగానే చదివేశారు. "మేస్త్రీ వస్తున్నాడు అంటోంది" అని ముగ్గురు ఒకేసారి చెప్పారు.

చివరి బల్ల మీద ఉంది అసలు ఫోటో, అమ్మ యాభై ఏళ్ళుగా చెబుతున్నది. నూలు వడికే షెడ్డు మొత్తం పట్టేలా తీసింది. గదిలో గోడంత పెద్దది చేసి పెట్టబోయేది ఇదేనని లైబ్రేరియన్ గారు చెప్పారు. పొడుగాటి షెడ్డు, ఇనప స్తంభాలు, వరసగా మెషిన్లు, ఒక్కో మెషిను ముందు ఒకావిడ. మొహాలు అద్దంలో చూసుకున్నట్టున్నాయి. మధ్యలో మహారాణి అత్త. మిల్లులో ఆవిడకి ఆ పేరెందుకొచ్చిందో ఈ ఫోటో చూస్తే అర్థమవుతుంది. మెడ నిటారుగా పెట్టి, గడ్డం పైకెత్తి, మిల్లు తనదే అన్నట్టు చూస్తోంది. మా పక్క వీధిలోనే ఉంటుంది. బల్ల దగ్గర కుర్చీ వేసుక్కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ తనని తనే చూపిస్తోంది.

నేను ఒక్కో మొహం చూసుకుంటూ వెళ్ళాను. మళ్ళీ వెనక్కి వచ్చాను. పదమూడు మొహాలు. అమ్మ లేదు.

ఎడమ చివర, స్తంభం అవతల, ఏదో పొగలాంటి మరక ఉంది. కింద రెండు పాదాలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. మోకాళ్ళ పైనుంచి మనిషి లేదు, తెల్లటి మసక. ఎవరో అడ్డం వచ్చి ఉంటారని లైబ్రేరియన్ గారు అన్నారు. మహారాణి అత్త కూడా, ఆ రోజు మీ అమ్మ సెలవు పెట్టిందేమోనే అంది. ఆ చివర పాడైంది కాబట్టి స్తంభం దగ్గరికి కత్తిరించేస్తే గోడ మీద బావుంటుందని ఆయన ఉద్దేశం. మీ అమ్మగారు ఇందులో ఉన్నారని ఎవరో చెప్పారు, మీరేమంటారని నన్ను అడిగారు.

"మా అమ్మ ఇందులో లేదండీ. ఉంటే నాకు తెలియదా? కత్తిరించుకోండి" అన్నాను.

అదీ నేను చేసిన ఘనకార్యం.

ఇంటికెళ్ళేసరికి అమ్మ వీధి గుమ్మంలోనే కూర్చునుంది. ప్రింట్లు ఇంకా సరిగ్గా రాలేదని నసిగాను. టికెట్ లేనివాళ్ళ నసుగుడు రోజూ వింటాను, నాకు మాత్రం ఆ విద్య అబ్బలేదు. అమ్మ నా పెదవుల వంకే చూస్తూ కూర్చుంది. మిల్లు మనిషి ముందు అబద్ధం ఆడటం కష్టం. రెండు రోజులు దాటేశాను. మూడో రోజు అన్నం తింటూ, అందులో నువ్వు లేవమ్మా అని చెప్పేశాను.

అమ్మ కంచం తీసింది, కడిగింది, బోర్లించింది. చేతులు తుడుచుకుంటూ అప్పుడంది.

"హాజరు పుస్తకాలు చెదలు తినేశాయి. మిల్లు నేలమట్టమైపోయింది. ఇరవై ఆరేళ్ళు నేనక్కడ పనిచేశానని చెప్పడానికి నాకింకేముందే? ఆ ఫోటో ఒక్కటే కదా."

ఇన్నేళ్ళూ మేం నవ్వుకున్న ఆ ఫోటోలో అమ్మ ఏం దాచుకుందో నాకు అప్పుడు తెలిసింది. అది గొప్పలు చెప్పుకోవడం కాదు. మా చదువులు, ఈ ఇల్లు, నా ఉద్యోగం అన్నీ ఆ షెడ్డులో నిలబడి సంపాదించిందే. అందుకు ఋజువుగా గోడ మీద ఒక్క మొహం ఉందని ఆ మనిషి ధైర్యంగా బతికింది. ఆ మొహమే లేదని నలుగురిలో చెప్పొచ్చింది ఎవరంటే, కడుపున పుట్టిన నేను.

పొద్దున్నే లేచేసరికి అమ్మ తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉంది. ఫోటో ఆ రోజే పెద్ద ప్రింటుకి పంపిస్తారని నేనే చెప్పాను. మోకాళ్ళ సంగతి గుర్తుచేస్తే, ఫోటో చూడ్డానికి కళ్ళు చాలు అంది.

లైబ్రరీలో లైబ్రేరియన్ గారు, మహారాణి అత్త, ముసలి మేస్త్రీ ఉన్నారు. మేస్త్రీకి తొంభై ఏళ్ళు. మెషిన్ల మోతకి చెవులు పూర్తిగా పోయాయి, కళ్ళు మాత్రం ఇంకా గద్ద కళ్ళే. అమ్మని చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. "తూనీగ వచ్చిందే" అని గోడలదిరేలా అరిచాడు. మిల్లులో మా అమ్మని తూనీగ అనేవాళ్ళు, ఒక్క చోట కాలు నిలవదని. అమ్మ గొంతు లేకుండా పెదవులతో ఏదో అడిగింది. ఆయన, బానే ఉన్నాను, పళ్ళే లేవు అని వీధి చివరికి వినపడేలా జవాబు చెప్పాడు.

అమ్మ బల్ల దగ్గరికి వెళ్ళింది. అమ్మ ఒక్క మొహం కూడా చూడలేదు. కుడి చివరి స్తంభం మీద వేలు పెట్టి మెషిన్లు లెక్కపెట్టుకుంటూ ఎడమ వైపుకి వచ్చింది. వేలు ఆ మసక దగ్గర ఆగింది.

"పద్నాలుగు. ఇది నా మెషిను."

తర్వాత ఆ పాదాల వంక చూసింది. ఆ పైన పొగ వంక చూసింది. చాలాసేపు చూసింది.

"నేను కదిలాను" అంది. "యాభై ఏళ్ళుగా అబద్ధం చెబుతున్నానన్నమాట."

ఆ మాట అన్నప్పుడు అమ్మ గొంతు ఎంత చిన్నదైపోయిందో చెప్పలేను. లైబ్రేరియన్ గారు మంచాయన, బాధపడుతూనే చెప్పారు. మొహం లేదు కాబట్టి అది ఎవరో చెప్పలేమని, గోడ మీద పేరు పెట్టాలంటే ఏదో ఒక ఆధారం ఉండాలని. ఆ చివరి మెషిను పద్నాలుగో నంబరే అయినా, ఆ ముందు నిలబడింది ఎవరన్నది ఎవరు చెబుతారని. మహారాణి అత్త కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఒక్క మేస్త్రీకే ఇవేవీ వినపడలేదు. ఆయన పాటికి ఆయన లైబ్రరీ భూతద్దం పట్టుకుని ఫోటో మీదకి వంగి ఉన్నాడు.

ఉన్నట్టుండి ఆయన చిందులు తొక్కడం మొదలుపెట్టాడు.

"ఇదేమిటి, ఇన్ని పోగులు తెగున్నాయి? నేను మేస్త్రీగా ఉండగానా? ఎవరివమ్మా ఈ మెషిన్లు?"

యాభై ఏళ్ళు ఆలస్యంగా తిడుతున్నాడు. మాకు మొదట అర్థం కాలేదు. ఆయన భూతద్దం నా చేతిలో పెట్టి ఎక్కడ చూడాలో చూపించాడు. ఆడవాళ్ళ భుజాల వెనక, మెషిను పైన ఉండే రోలర్ల నుంచి కింద తిరిగే కండెల దాకా సన్నగా తెల్లటి గీతలున్నాయి. అవి నూలు పోగులు. మొహాలు చూడటంలో పడి వాటిని నేను చూడనే లేదు. గీత గీతకీ మధ్య అక్కడక్కడా ఖాళీ, పళ్ళూడిన దువ్వెనలా. ఖాళీ ఉన్నచోటల్లా పైన రోలరుకి దూది ముద్దలా చుట్టుకుని ఉంది. పోగు తెగితే దూది ఆగదు, అలా చుట్టుకుంటూ పోతుంది. అది జరక్కుండా తెగిన పోగుని వెంటనే అందుకుని అతకడమే మా అమ్మ ఇరవై ఆరేళ్ళు చేసిన పని.

ఆ రోజు సంగతి అమ్మ అప్పుడు చెప్పింది, పెదవులు మేస్త్రీకి కనపడేలా. ఫోటోలో మిల్లు నడుస్తున్నట్టు ఉండాలని యజమాని మెషిన్లు ఆపనివ్వలేదట. ఫోటోగ్రాఫరు అటు జరుగు, ఇటు జరుగు అని అరగంట సర్దాడట. వెలుతురు చాలదు, కదిలితే మసకైపోతారు, నేను చెప్పేదాకా ఒక్కరూ కదలకూడదు అన్నాడట. కదలొద్దని మేస్త్రీ కూడా గట్టిగా హెచ్చరించాడట. అందరూ నిలబడ్డారు. వాళ్ళ వెనక పోగులు ఒక్కొక్కటే తెగుతూ వచ్చాయి.

మేస్త్రీ ఒక్కో మెషినూ లెక్కపెట్టాడు. ఒకదాని మీద నాలుగు తెగాయి. ఒకదాని మీద ఏడు. మహారాణి అత్త మెషిను మీద పదకొండు. అత్త కిటికీ వైపు నుంచి తల తిప్పి ఇటు చూసింది. ఆయన అలా లెక్కపెట్టుకుంటూ పద్నాలుగో మెషిను దగ్గరికి వచ్చి ఆగాడు. మొదటి నుంచి చివరిదాకా చూశాడు. మళ్ళీ చూశాడు. ఈసారి మేస్త్రీ అరవలేదు.

"ఒక్కటీ తెగలేదు" అన్నాడు.

భూతద్దం లాక్కుని నేను చూశాను. గీతలన్నీ ఉన్నాయి, ఒక్క ఖాళీ లేదు, ఒక్క దూది ముద్ద లేదు. కింద రెండు పాదాలు నిజంగానే మేకు కొట్టినట్టున్నాయి. వాటి పైన ఆ మసక మనిషి మెషిను వైపు తిరిగి ఉంది. రెండు చేతులు రోలరు దాకా లేచిన జాడ ఉంది. ఆ చేతుల జాడలోంచి ఒక తెల్లటి గీత తిన్నగా కిందకి దిగుతోంది, తెగి అతుకుపడిన పోగు.

"నేను నిలబడాలనే నిలబడ్డాను" అంది అమ్మ, తప్పు ఒప్పుకుంటున్నట్టు. "చేతులకి చెప్పడం మర్చిపోయానేమో."

మేస్త్రీ బల్ల మీద చేత్తో కొట్టాడు. "ఇది తూనీగ కాకపోతే ఎవరు? పదమూడు మందీ నా మాట విన్నారు. ఇదొక్కతే వినలేదు. ఇది నా మాట ఏనాడు విన్నది గనక?" లైబ్రేరియన్ గారి వైపు తిరిగి, ఆధారం కావాలన్నావుటగా, రాసుకో అన్నాడు. ఆ మాట లైబ్రేరియన్ గారి పెదవుల మీద ఎప్పుడు చదివాడో మరి.

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో కాదు, పట్టలేని గర్వంతో. మొహం స్పష్టంగా పడిన ఫోటోలు చాలామంది తల్లులకి ఉంటాయి. మా అమ్మకి పని స్పష్టంగా పడింది. ఇరవై తొమ్మిదేళ్ళు మొహాలు చూసి బతికిన నాకు ఆ ఒక్క మనిషిని చూడటం చేతకాలేదు. ఆ మాట అమ్మతో అక్కడే, అందరి ముందూ చెప్పాను. అమ్మ నా నెత్తి మీద చెయ్యి వేసి, నువ్వు పుట్టినప్పుడు కూడా నీకు చూపు ఆలస్యంగా ఆనిందిలే అంది.

మహారాణి అత్త లేచి వచ్చింది. తన పదకొండు ఖాళీలూ తనే ఒకసారి లెక్కపెట్టుకుంది. ఆ మెడ అంత వంగడం నేనెప్పుడూ చూడలేదు.

"కత్తిరించాలనుంటే నన్ను కత్తిరించండి" అంది లైబ్రేరియన్ గారితో. "ఆ చివర జోలికి వెళ్ళకండి."

"నువ్వు నడిమధ్యన ఉన్నావు వదినా, నిన్ను కత్తిరిస్తే ఫోటో రెండు ముక్కలైపోదూ" అంది అమ్మ. తర్వాత నెమ్మదిగా, "మొహం ఎంత బావుందో చూడు. ఆ రోజు నువ్వు కొత్త రుమాలు కట్టుకొచ్చావు. నీ పదకొండూ ఫోటో అయ్యాక మనిద్దరం కలిసే అతికాం, మర్చిపోయావా?" అని అడిగింది. అత్తకి గుర్తు లేదు. గుర్తున్నట్టు తలూపింది.

ఫోటో కత్తిరించలేదు. గదిలో ఎదురు గోడ నిండా అదే ఉంది. కింద వరసగా పేర్లు రాయించారు, మిల్లులో ఎవరిని ఎలా పిలిచేవాళ్ళో అలాగే. మసక కింద 'తూనీగ, పద్నాలుగో నంబరు' అని ఉంది. గది తెరిచిన రోజు నేను సెలవు పెట్టి, ఖాకీ బట్టల్లోనే తలుపు దగ్గర నిలబడ్డాను. ముందుకు జరగండి, లోపల చోటుంది, ముందు మొహాలు చూడండి, తర్వాత వెనక పోగులు చూడండి అని అరుస్తూనే ఉన్నాను. అమ్మ ఫోటో పక్కన కుర్చీలో కూర్చుంది. మహారాణి అత్త ఆ పక్క కుర్చీలో. వచ్చినవాళ్ళందరికీ ఇప్పుడు అత్త తనని చూపించడం మానేసి అమ్మని చూపిస్తోంది, అదీ మహారాణిలాగానే.

మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చింది, కాలేజీ పిల్ల, మెడలో కెమెరా ఉంది. ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. కింద రాసింది చదివి, కుర్చీలో ఉన్న మనిషిని చూసి, మర్యాదగా దగ్గరికొచ్చి అడిగింది. కదలొద్దని అందరికీ చెప్పారు కదా, మరి మీరెందుకు కదిలారని.

అదేం ప్రశ్న అన్నట్టు అమ్మ ఆ పిల్ల వంక చూసింది.

"పోగు తెగింది కదమ్మా" అంది.